ధ్వజస్తంభం దగ్గర ఆగని దీపం

"తాతయ్యా, నువ్వు మొదటిసారి ఉపగ్రహం చూసిన సంగతి చెప్పవూ?"

ఏడు రూపాయలతో మొదలైందమ్మడూ. నా దగ్గరున్నది అంతే. అది పట్టుకుని ఏలూరెళ్ళి, సాయిబు గారి గడియారాల కొట్లో పాత టైంపీసు కొన్నాను. "కొల్లేటి చేపలక్కూడా టైమెందుకండీ బాబూ?" అని నవ్వారాయన. నవ్వితే నవ్వనీ.

అది పంతొమ్మిది వందల యాభై ఏడు. రష్యావాళ్ళు స్పుట్నిక్ వదిలారు. నాకప్పుడు పదహారు... కాదులే, పదిహేడు. స్కూలు చదువైపోయింది, కాలేజీకెళ్తానన్నాను. ఇంటికి పెద్ద మా పెదనాన్న. ఆయన ముందు మా నాన్న నోరెత్తేవాడు కాదు. "గణపవరం రైసుమిల్లులో చోటు చూశాను, చేరు" అన్నాడు పెదనాన్న.

నేనేమో రోజూ రేడియోలో, అది ఏ ఊరి మీద ఎన్నింటికి వెళ్ళిందో వింటున్నాను. చుట్టుకి గంటన్నర పైచిలుకు. ఈలోగా కింద భూమి తిరుగుతుంది కదా, అదీ కలిపి లెక్క కట్టాను. "రేపు సాయంత్రం ఆరూ పదికి నైరుతి నుంచి వచ్చి మన కొల్లేటి లంక మీదుగా పోతుంది. వస్తే కాలేజీ, రాకపోతే మిల్లు" అన్నాను. "సరే, పందెం" అన్నాడు పెదనాన్న.

మర్నాడు లంకంతా గట్టు మీదే. వేరుసెనక్కాయలమ్మే ఆవిడ కూడా వచ్చేసింది, అప్పట్లో అర్ధణాకి దోసెడు పోసేది... ఆఁ, ఏం చెప్తున్నాను? చీకటి పడుతోంది. నీళ్ళవతల చిన్న వెలుగు, నెమ్మదిగా పైకి లేస్తోంది. "అదిగో లేచింది!" అని ఒకటే కేకలు. ఆడవాళ్ళు దణ్ణాలు కూడా పెట్టేశారు. ఆ వెలుగు పైకంటా వెళ్ళి ఆగిపోయింది.

కార్తీకమాసం కదమ్మా! అవతలి లంక శివాలయంలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తుతున్నారు.

"ఏరా, మీ రష్యావాళ్ళు శివుడి దగ్గర దిగారే!" అన్నాడు పెదనాన్న. గట్టంతా నవ్వులు. జనం ఇళ్ళకి మళ్ళారు.

"ఇంకా ఆరూ పది కాలేదు, ఆగండి!" అని అరిచాను. ఎవరాగుతారు? నేనొక్కణ్ణే నైరుతికి తిరిగి నిలబడ్డాను. వచ్చిందమ్మడూ! వెలుగుతూ, మసకబారుతూ, మళ్ళీ వెలుగుతూ, మా నెత్తి మీంచి, ఆ ఆకాశదీపం మీంచి కూడా దాటి పోయింది. గట్టు దిగబోతూ తలెత్తిన పెదనాన్న నోట్లో చుట్ట ఆరిపోయింది.

అక్కడితో అయిందా? తాడేపల్లిగూడెం నుంచొచ్చిన చుట్టమొకాయన, "మీరు చూసింది దాన్ని మోసుకెళ్ళిన రాకెట్టు డొల్లండీ. అసలు బంతి చాలా చిన్నది, కంటికానదు" అన్నాడు. నిజమే అది. పెదనాన్న పట్టేసుకున్నాడు. "డొల్లంటరా! పందెం చెల్లదు. మిల్లుకి పద."

"డొల్లయితే ఏం? చెప్పిన టైముకొచ్చిందా, లేదా? నేను రాను. కావలిస్తే మీరే వెళ్ళి చేరండి!" అనేశాను. ఆయనకి ఎదురు చెప్పడం మా ఇంట్లో అదే మొదలు. ఇక దెబ్బలే అనుకున్నాను. ఎప్పుడూ మాట్లాడని మా నాన్న లేచి, దోనె తాడు విప్పాడు. "ఎక్కరా. ఏలూరు దారిలో దింపుతాను" అన్నాడు. అంతే.

ఇప్పుడేమో ఒక్క రాకెట్టులో బోలెడన్ని చిన్నవి పంపుతున్నారు. మొన్న పంపినవాటికి లెక్క కట్టాను, ఇవాళ పొద్దుగూకాక మన మీదుగానే. పడిపోతానని మీ నాన్న డాబా మెట్లకి తాళం వేశాడు. వేసుకోనీ. నా మీద నీ చల్లని చూపుంటే చాలు తల్లీ... టైంపీసుకి కీ ఇచ్చావా? బైనాక్యులర్సు నా మెళ్ళో వెయ్యి. ఊఁ, ఆ నిచ్చెన గట్టిగా పట్టుకో.