మధ్యగదిలో సింహాసనం

మానవ నాగరికత యావత్తూ నడుము ఆనించే చోటు కోసం సాగిన మహాన్వేషణే. అది తన ఇంట్లోనే ముగిసిందన్న గర్వంతో తండ్రి మధ్యగదిలో ఆఫీసు కుర్చీని ప్రతిష్ఠించాడు.

"కూర్చో తల్లీ! ఆన్‌లైన్ క్లాసులకి వంగి వంగి మెడ నరం నొక్కుకుపోయింది. చెయ్యింకా తిమ్మిరేనా?"

"పెన్ను నిలవట్లేదు నాన్నా. ఇలాగే వంగితే చెయ్యి పడిపోతుందన్నారుగా డాక్టరు."

"ఇక వంగక్కర్లేదు. మహారాణిలా మోచేతులు ఆనించుకో."

"ఇది నీ కుర్చీ కదూ? మరి రేపు ఆఫీసులో దేంట్లో కూర్చుంటావు?"

తండ్రి కుర్చీ మీద లేని దుమ్మును శ్రద్ధగా తుడిచాడు.

"నన్నూ దీన్నీ కలిపే సాగనంపారమ్మా."

కూతురు నిటారుగా కూర్చుంది. తండ్రి ఆ వెన్నును తనివితీరా చూసుకున్నాడు.

"హాయిగా ఉంది నాన్నా. కానీ ఇక్కడ సిగ్నల్ రాదు. క్లాసు మెట్ల మీదే వినాలి."