ఆకు కాల్చని సగం

అది కాదు దత్తాత్రేయులు మాస్టారూ, భూమి వేడెక్కుతోందని చెప్పండి, కాదన్నదెవరు? దానికి నిండు మీటింగులో మా ఆయన్ని లేపి నిలబెట్టాలాండీ? "మామిడితోటల్లో ఎండాకు పోగేసి తగలబెట్టేవాళ్ళున్నారు, ఇదిగో మన జగన్నాథరావు గారిలాగా" అని! ఆడవాళ్ళ వరసలో నేనూ ఉన్నాను కదా. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అయ్యో, లేస్తారేంటి? కూర్చోండి. కోపంతో అనడం లేదు లెండి. ముందా మజ్జిగ తాగండి.

ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఎగిరారనుకున్నారు! "సైన్సు పాఠాలు బడిపిల్లలకి చెప్పుకోమను. మా తాతల్నుంచీ తోటలు పెంచుతున్నాం, మాకు చెప్పేదేంటి?" అని. అన్నం దగ్గరా అదే గొడవ. పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, అదీ ఆయన చూసుకోలేదు.

నేనూరుకోవచ్చుగా? "పోనీ సగం తోటలో ఆకు కాల్చకుండా చెట్ల కింద పరిచి చూడండి. మాస్టారిదే తప్పని తేలితే, ఈసారి మీరే మీటింగు పెట్టి ఆయన్ని లేపి నిలబెట్టొచ్చు" అన్నాను.

అంతే, మొహం వెలిగిపోయింది! మిమ్మల్ని ఓడించడానికి మర్నాడు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా తోటకి పరిగెత్తారు.

కాలవకి అవతల సగం ఎప్పట్లాగే కాల్చారు. ఇవతల సగం ఆకు పరిపించారు. వాననీళ్ళు ఆగడానికి మీరు చెప్పిన కందకాలూ తీయించారు. పైగా నాతో, "చూస్తూండు, చెట్లు చెదలు పట్టి పోతాయి" అని.

ఇక ఎండలు. పోయినేడు సరిగ్గా వానల్లేవు, ఈ రెండువేల మూడులో ఎండలా, నిప్పులు! కాల్చినవైపు రసాలు పిందెల్లోనే రాలిపోయాయి. కొత్తగా నాటిన అంట్లు నిలువునా మాడిపోయాయి. ఇవతల కూడా రాలాయండీ, అబద్ధమెందుకు? కానీ చెట్టు తట్టుకుంది.

ఆయన చూడలేదనుకున్నారా? చూశారు. చూసి, "ఇటువైపు నేల మొదట్నుంచీ మంచిదేలే" అన్నారు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అటువైపు నేలే మంచిదని అంటూండేవారు మరి!

అప్పుడండీ, మేరమ్మ పడిపోయింది.

మేరమ్మ తెలుసుగా, మా తోటలో కాయలేరే ఆవిడ. మిట్టమధ్యాహ్నం కూలీల్ని ఎండలో ఉంచొద్దని మీరు చెప్పినప్పుడు, అందరికన్నా గట్టిగా నవ్వింది మా ఆయనే కదా. ఆ మిట్టమధ్యాహ్నమే, నేను ఆయనకి అన్నం తీసుకెళ్ళేసరికి, కాల్చినవైపు రాలిన కాయలు ఏరుతూ పడిపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చెమట చుక్క లేదు. ఏదో అంటోంది, మాట తడబడిపోతోంది.

నడుం నొప్పని ఇంట్లో బిందె కూడా ఎత్తని మనిషి, ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకుని కాలవ దాటి పరిగెత్తారండీ! చెట్టు నీడన ఆకు మీద పడుకోబెట్టారు. తల కింద ఆకు సర్దుతుంటే చెయ్యి నేలకి తగిలింది. "ప్రమీలా, ఇక్కడ చల్లగా ఉందే" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఇక మొదలుపెట్టారు! మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు పెట్టమంటారు, విసరమంటారు. నీళ్ళు తాగిద్దామని వంగితే, "తెలివి సరిగ్గా లేనప్పుడు పొయ్యకూడదు" అని నా చేతిలో చెంబు లాక్కున్నారు. ఎక్కడివండీ ఆ మాటలన్నీ? మీవే! మీ మీటింగులో నిద్రపోయానని ఊరంతా చెప్పుకుతిరిగిన మనిషికి ఒక్క ముక్క పొల్లుపోలేదు.

ఆటోలో తిరువూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు" అన్నారు. బతికింది, ఆ దేవుడి దయ. ఆ సాయంత్రం మా ఆయన ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, "ఈ పూట ఏరడం అయిపోవాల్సిందేనని అన్నది నేనేగా" అన్నారు. కాదని చెప్పడానికి లేదు కదా.

ఇప్పుడు తెల్లారకముందే పని మొదలు, ఎండెక్కితే బంద్. ఆయన మర్చిపోయినా మేరమ్మ మర్చిపోదు. "అయ్యా, పొద్దెక్కింది" అని ఒక్క కేక పెట్టి, తట్ట బోర్లించి వెళ్ళి నీడన కూర్చుంటుంది. ఆయనా వెనకే నీడకొచ్చేస్తారు!

సరే, మీరొచ్చిన పని. మీటింగు మా తోటలో పెడతారా? పెట్టండి, దానికేం! ఆయనే మాట్లాడతారట కూడా. అవునండీ, మా ఆయనే! రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నారు.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. ఆయన "ఎ.కొండూరు దగ్గర ఒక రైతుండేవాడు, ఎవరి మాటా వినేవాడు కాదు" అని మొదలుపెడతారు. ఆ రైతు ఆకు కాలుస్తాడు, అంట్లు మాడిపోతాయి, కూలికొచ్చినావిడ పడిపోతుంది. ఎవరండీ ఆ రైతు అని మీరు అడక్కండి. నవ్వకండి కూడా. అది ఆయన కథేనని అందరికీ తెలిసిందే, మేరమ్మ ముందు వరసలోనే కూర్చుంటానంది. అయినా సరే, మీరు మాత్రం నవ్వకండి.

ఇంకోటి చెప్పనా? ఎవరితోనూ అనకండేం. నిన్న ఆయన చెప్పుకుంటుంటే తలుపు చాటు నుంచి విన్నాను. ఆ రైతు ఆవిణ్ణి ఎత్తుకుని పరిగెత్తే చోట ఆగి, కండువాతో కళ్ళొత్తుకున్నారు. ఇక ముందుకి సాగలేదు.

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయనతో నేను పడ్డ చిరాకులు మీకేం తెలుసు గానీ మాస్టారూ, ఆ ఎ.కొండూరాయనంటే మాత్రం నాకు భలే ఇష్టం పుట్టుకొచ్చిందండీ. ఏం చేస్తాం!