తవిటమ్మ నొప్పులు

అది 2002 వేసవి. జలంత్రకోటలో తల్లి తవిటమ్మ మంచం పక్కన ధనలక్ష్మి నిలబడి ఉంది. సోంపేట నుంచి ఆమె పిలిపించిన రిటైరైన నర్సు వసంత అప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది.

“...నొప్పులొత్తన్నాయంటాది సిస్టరుగారూ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిసి. పురుటి నొప్పులట.”

“ఎన్నాళ్ల బట్టీ?”

“మూడ్రోజులు. మతి పోయి రెండేళ్లయింది, నన్నే పోల్చుకోదు. ఇలగైతే ఎప్పుడూ నేదు. నన్నట్టుకుని బొడ్డమ్మా, బొడ్డమ్మా అంటాది.”

“బొడ్డమ్మెవరు?”

“మంత్రసాని. ఊర్లో పురుళ్లన్నీ ఆవిడే పోసేది. పోయి ముప్పయ్యేళ్లయింది. ఆవిడే అమ్మని పట్టిందంటే తాయెత్తు కూడా కట్టించాను.”

“నొప్పెక్కడో అడిగావా?”

“అడిగితే కాలా అంటే కాలంటాది, తలా అంటే తలంటాది. జీడిసొన పడి అరిసెయ్యి బొబ్బలెక్కినా కిక్కురుమనేది కాదు మాయమ్మ. అలాటిది ఇప్పుడు ఈదంతా ఇనబడీలా అరుత్తంది.”

“అయితే అడక్కు. నాను తాకుతాను, నువ్వు మొహం సూడు. పెద్దమ్మా, ఇది మోకాలు... ఏటైనా కదిలిందా?”

“నేదు.”

“నడుం?”

“నేదు.”

“ఇక్కడ?”

“ఆగండి. కనుబొమ్మలు ముడేసింది. పళ్లు బిగించీసింది. నా సీర సూడండి, ఎలగట్టుకుందో.”

“ఊపిరి కూడా బిగబట్టింది. పొత్తికడుపు రాయిలాగుంది ధనలక్ష్మీ. ఒంటేలుకి అవుతందా?”

“అవుతంది. పక్క తడుపుతానే ఉంటాది. బొట్టు బొట్టుగా.”

“బొట్లు కాదు. సరిగ్గా ఎప్పుడయింది?”

“సరిగ్గా అంటే... మంగళారం.”

“ఇవాళ సుక్కురారం.”

“తడుస్తంది కదా, అవుతందే అనుకున్నాను.”

“ఒంటేలు కట్టీసింది. నిండిపోయి కారతంది అది. ఆవిడ నిజమే సెప్పింది. ఇంత కడుపు నొప్పి ఆవిడకి తెలిసింది ఒక్కటే, ఆ మాటే సెప్పింది.”

“నిన్న అరుత్తంటే...”

“ఏటి?”

“ఏటీ నేదు.”

“ఆవిడ దవడ కమిలింది ధనలక్ష్మీ. వచ్చినప్పుడే సూసాను.”

“రెండు దెబ్బలు. రెండే. అరుపులకి పక్కింటోలు బయటికొచ్చి నిలబడ్డారని... రెండే, సిస్టరుగారూ.”

“నా సంచిలో గొట్టం ఇలగియ్యి, ఒంటేలు తీసీస్తాను. బేసిన్ కింద పెట్టు. కాలు పట్టుకో, గట్టిగా కాదు. పెద్దమ్మా, ఊపిరి ఒదులు. అయిపోయింది, అయిపోయింది.”

“ఇంతా... ఇంతా కడుపులోనే ఉందా?”

“అటు సూడకు. మొహం సూడు.”

“కనుబొమ్మల ముడి ఇప్పింది. సీర ఒగ్గీసింది.”

“ఎందుకు కట్టిందో తెలియాల. బండి మాటాడు, బేగి ఆస్పత్రికి తీసుకెళ్దాం. ఏటో అంటంది, ఇను.”

“ఏటమ్మా? ఏటి కావాల?”

“గుంటేదే, బొడ్డమ్మా?”

“బిడ్డనడుగుతంది సిస్టరుగారూ. ఏటి సెప్పను?”

“ఆవిడ ఉన్నకాడికే నువ్వెల్లు. నీకు తోసింది సెప్పు.”

“ఆడగుంటమ్మా. బాగుంది.”

“ఏడిసిందేటే?”

“ఏడిసింది. బాగా ఏడిసింది, పడుకో.”

“ఎందుకలగడుగుతంది?”

“నాకు ముందొకర్తి పుట్టిందట సిస్టరుగారూ. ఏడవనేదట. సచ్చే పుట్టిందని మా నాయినమ్మ అప్పుడికప్పుడే పట్టుకెల్లి జీడితోటలో పాతించీసిందట. అమ్మకి మొహం కూడా సూపించనేదు. ఆ బెంగ కావాల, పాపం.”

“నీ సెయ్యి కోసం ఎతుకుతంది. ఇయ్యి.”

“ఇదిగోనమ్మా, ఇక్కడే ఉన్నాను.”

“బొడ్డమ్మా, దీన్ని మాయత్త సేతికియ్యకే. ముందుదీ ఏడిసింది. నాను ఇన్నాను.”