జబేజ్ బీడులో ఎర్రావు

(1884 వేసవి. కనెక్టికట్‌లో ఒక పల్లె. పశువుల బొమ్మలు గీయడంలో పేరుమోసిన ఆల్వా థ్రాల్ పనిగది. వచ్చినావిడ పొరుగింటి కెజియా.)

“కూర్చోమనకు ఆల్వా, నేను కూర్చోడానికి రాలేదు. బోస్టన్‌లో ప్రదర్శనకు పెట్టిన నీ బొమ్మలో ఎర్రావు మా టాన్సీయేనా, కాదా?”

“ఎర్రావులు ఊళ్లో బోలెడు, కెజియా.”

“కుడికొమ్ము విరిగినవి?”

“…టాన్సీయే. బాగా కుదిరింది కదూ?”

“కుదిరింది! మా పక్కబీడు జబేజ్ వెళ్లి చూసొచ్చాడు. తన బీడులో నా ఆవు మేస్తోందనడానికి ఆ బొమ్మే సాక్ష్యమట. మూడింటికి ఊరిపెద్దలు అతని గోడ దగ్గరికొచ్చి తేలుస్తారు. నేనోడితే టాన్సీని బందెలదొడ్డికి తోలి, అట్నుంచటే వేలం.”

“బొమ్మ సాక్ష్యమేమిటి, విడ్డూరం కాకపోతే!”

“పేపరువాళ్లతో నువ్వే అన్నావుటగా. కళ్లారా చూడనిదే ఒక్క వెంట్రుక కూడా గీయనని.”

“అన్నాననుకో…”

“అయితే చూశావా?”

“చూడ్డమంటే… బీడు నిరుడు జూన్‌లో గీశాను. టాన్సీని ఈ జనవరిలో, మీ కొట్టంలో. నువ్వే కదా వేడివేడి ఆపిల్ సైడరిచ్చావు! బీడు మరీ పచ్చగా ఉంది, మధ్యలో ఎర్రగా ఏదైనా పడితే బాగుంటుందని…”

“మా ఆవుని పట్టుకెళ్లి అక్కడ పెట్టావు.”

“పెట్టాను.”

“ఆ మాటే వచ్చి చెప్పు.”

“అమ్మో! నా పరువు? పారిస్‌లో చదువుకొచ్చి, ఇరవయ్యేళ్లుగా ఎండనక వాననక పొలాల్లోనే కూచుని గీస్తాడని దేశమంతా…”

“వానలో నిన్ను నేనెప్పుడూ చూళ్లేదు. ఆ మూల దుప్పటి కింద ఆ కాళ్లేమిటి?”

“ఏ కాళ్లు?”

“ఆల్వా!”

“గొర్రె. గడ్డి కూరిన గొర్రె. కదలదు, పాపం.”

“నీ బొమ్మల్లో మందలన్నీ ఇదేనా?”

“అటు తిప్పీ, ఇటు తిప్పీ…”

“ఆయన పోయాక నాకున్నది ఆ ఒక్క ఆవు. దాని వెన్న తినేగా నువ్వింత లావయ్యావు!”

“సరే, సరే! పరువు పోతే పోయింది. టాన్సీ ఆ గోడ దాటనే లేదు, అంతా నా కల్పన అని బైబిలు మీద చెయ్యేసి చెప్తాను. చాలా?”

“బతికించావు నాయనా. పద, పద!”

“ఇంకా ఒంటిగంటే. అంత తొందరేమిటి?”

“పెద్దలొచ్చేలోగా దాన్ని జబేజ్ బీడులోంచి తోలుకురావద్దూ!”