నల్లకాగితం

చీకటి పడేలోగా కిటికీలన్నీ కప్పేసుకోవాలని పొద్దున మైకులో చెప్పి వెళ్ళారు. ముందుగదిలో అక్కా తమ్ముడూ అద్దాలకు నల్లకాగితం అంటిస్తున్నారు.

“మైదా జిగురు వాసనొస్తే నాన్నే గుర్తొస్తాడక్కా.”

“నాకు నువ్వు గుర్తొస్తావు. సగం గిన్నె నువ్వే నాకేసేవాడివి.”

“మన చిన్నప్పటి యుద్ధంలో నాన్న వీధిలో నిలబడి, వెలుతురు కనిపించిన చోటల్లా అద్దం మీద టకటకా కొట్టేవాడు. మనం పరిగెత్తుకెళ్ళి అక్కడ ఇంకో ముక్క అంటించేవాళ్ళం. ఎంత నవ్వేవాళ్ళమో!”

“ఊఁ.”

“ఈసారి అణుబాంబంటున్నారు. దానికి కాగితం అడ్డమా?”

“అప్పుడూ శత్రువుల దగ్గర ఆ బాంబు ఉందిరా. నాన్నకి తెలుసు.”

“తెలిసీ, ఒక్క చిల్లు కూడా వదలకుండా వెతికాడా?”

“చిల్లులెక్కడివిరా పిచ్చోడా? మొదటిరోజే అన్నీ మూసేశాడు. ఆ తర్వాత ఊరికే కొట్టేవాడు. అమ్మ ఎప్పుడో చెప్పింది.”

“ఊరికేనా? మనకోసమా?”

“ఏంట్రా, అలా నిలబడిపోయావు?”

“లోపల పిల్లలేం చేస్తున్నారు?”

“మంచం మీద ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. పొద్దుట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు.”

“దీపం వేసి, జిగురు గిన్నె వాళ్ళ చేతికివ్వు. నేను వీధిలోకి వెళ్తా.”

“తమ్ముడూ, గట్టిగా కొట్టరా. నాక్కూడా వినపడాలి.”