మూడో జవాబు

రేకులు వంచే ప్రెస్సులో వేళ్లు నలిగిన వదిన చేతికట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. అదే ఫ్యాక్టరీలో రోజుకూలీకి పోయే ఆడపడుచు ట్రైనింగ్ నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది.

“ఆటలా? ట్రైనింగన్నారుగా?”

“ఆటలతోనే నేర్పిస్తారట వదినా. అలాగైతే బుర్రకెక్కుతుందట.”

“ఏం నేర్పారేంటి?”

“ఏవో... జాగ్రత్తలు. ఆ కట్టు తడిసిందేం, మార్చనా?”

“కట్టు సంగతి తర్వాత. ఏం ఆటో చెప్పు.”

“ఛీ, అదీ ఒక ఆటేనా! ఒకణ్ణి మిషన్‌లా నిలబెట్టారు. ఇంకొకడు గ్లౌజు తొడుక్కుని, వేళ్లలో ఎర్ర రంగు నింపుకొచ్చాడు. మిషన్ గాడు దబ్బున వంగేసరికి...”

“నా చెయ్యా?”

“మందు వేసుకున్నావా?”

“నా చెయ్యేనా అనడుగుతున్నా!”

“నీ పేరైతే అనలేదు వదినా.”

“నవ్వారా?”

“మొదట ఎవరూ నవ్వలేదు. ఫోర్‌మన్ నవ్వాడు. తర్వాత అందరూ.”

“థూ! చేతులు లోపలికి పోకుండా మిషన్‌కి బిగించే గార్డు, పని నెమ్మదవుతోందని ఊడదీయించిందే వాడు. వాడికి నవ్వెలా వచ్చిందే? సరే, తర్వాత?”

“తర్వాత ప్రశ్న. తప్పెక్కడ జరిగింది? ముందు బజర్ నొక్కి చెప్పినవాళ్లే గెలిచినట్టు. తెర మీద మూడు జవాబులు వేశారు. నిద్రమత్తు, కబుర్లు, అజాగ్రత్త.”

“గార్డో?”

“అది లేదు.”

“లేకపోవడమేంటి! నువ్వు నా పక్క మిషనేగా, చూశావుగా. లేచి అడగలేకపోయావా?”

“వీడియో తీస్తున్నారు వదినా.”

“తీస్తే తియ్యనీ! సోమవారం నేను డ్యూటీకెళ్లాలి. తప్పు నాదేనని తేల్చేస్తే గేటు దాటనిస్తారా? ఎవరు నొక్కారు బజర్?”

“మంచినీళ్లు తెస్తానుండు.”

“కూర్చో. ఎవరు?”

“ఎవరో ఒకరు నొక్కాలిగా.”

“చిట్టీ.”

“నేనే. మూడోదన్నాను. చప్పట్లు కొట్టారు. నా చెయ్యి చూసుకుంటే నాకే రోతగా ఉంది వదినా.”

“పోన్లే, ఏడవకు. ఆటేగా. ఏదో కంగారులో నొక్కేసుంటావు. రేపు ఇద్దరం మేనేజరు దగ్గరికెళ్దాం. గార్డు లేదని నువ్వే చెబుదువుగానీ.”

“చెప్పలేను.”

“ఎందుకు చెప్పలేవు?”

“కంగారులో కాదు వదినా. గెలిచినవాళ్లని పర్మనెంట్ చేసి నీ మిషనిస్తామని, ఆట మొదలెట్టకముందే చెప్పారు.”