ఆగి పడే మూడో దెబ్బ

పాటలకి తాళాలు కట్టే కూతురు, రికార్డు చేసిన చప్పుళ్లని వాయించే శాంప్లర్ మీట నొక్కింది. చనిపోయిన వడ్రంగి తండ్రి మేకు కొడుతున్న చప్పుడు మోగింది. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇది మీ నాన్న సుత్తి కాదే.”

“నాన్నదేనమ్మా! బతికుండగా నేనే రికార్డు చేశాను.”

“ఆయనకి భుజం నొప్పి. మూడో దెబ్బ కాస్త ఆగి పడేది.”

“కంప్యూటర్ తెర మీద అదొక్కటే తాళం గీత దాటి కనిపించింది. గీత మీదకి లాగి సరిచేశాను.”

“తాళాన్ని కళ్లతో వింటావటే? సరే, పాతది పెట్టు.”

“దాని మీదే సేవ్ చేసేశానమ్మా. పాతది లేదు.”

తల్లి గుమ్మం దాటి శాంప్లర్ దగ్గరికి వచ్చింది.

“ముప్పై ఏళ్లు విన్నావుగా! తెర మూసేస్తాను. నాన్న కొట్టినట్టే నువ్వు ఈ మీట మీద కొట్టు.”

తల్లి కొట్టింది. మళ్లీ కొట్టింది.

“ఎంతసేపు ఆగేవాడమ్మా?”

“ఇందాకటిదాకా తెలుసే. ఇప్పుడు నువ్వు సరిచేసిందే చెవిలో మోగుతోంది.”